వార్నింగే కదా అనుకుంటే! - కెర్నెల్ కోడు రాస్తూ మేము నేర్చుకున్నది



వార్నింగ్ అనే మాట వినగానే హాస్టల్లో ఉన్నవాళ్ళకు ముందుగా గుర్తుకొచ్చేది వార్డెన్ గారే. స్టడీ అవర్‌లో కబుర్లు చెబితే ఒక వార్నింగ్, గోడ దూకి సెకండ్ షోకు పోతే ఇంకో వార్నింగ్. మొదటిసారి భయపడతాం. రెండోసారి తల వంచుకుని నిలబడతాం. మూడోసారికి అలవాటైపోతుంది. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాళ్ళకు కూడా సరిగ్గా ఇలాగే జరుగుతుంది. మా ఇద్దరికీ జరిగింది. అందుకే వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు, కవితలు, జ్ఞాపకాలు మిగతా మిత్రులు ఎలాగూ రాస్తారు కనుక, మేము మాకు తెలిసిన పని గురించి ఒక పాఠం రాయదలచాము. పాలిటెక్నిక్‌లోనో, డిగ్రీలోనో, బీటెక్‌లోనో సి భాష కొద్దిగా నేర్చుకున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఇది ఎక్కువగా ఉపయోగపడుతుంది. మిగతావాళ్ళు కథలాగా చదువుకోవచ్చు.

ముందుగా కెర్నెల్ అంటే ఏమిటో రెండు మాటల్లో చెబుతాము. కంప్యూటర్ మెమరీని ఎవరికెంత ఇవ్వాలి, ప్రాసెసర్ మీద ఇప్పుడు ఎవరి వంతు, కీబోర్డు నొక్కితే ఆ అక్షరం ఎవరికి చేరాలి అని చూసుకునే మూల ప్రోగ్రాము కెర్నెల్. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ కెర్నెల్ ఈనాడు పెద్ద పెద్ద సర్వర్లలోనూ, మన చేతుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ నడుస్తున్నది. దాని సోర్సు కోడు ఎవరైనా ఉచితంగా తెచ్చుకుని చదవవచ్చు, మార్చవచ్చు. చాలా భాగం సి భాషలోనే ఉంటుంది. మామూలు ప్రోగ్రాములో తప్పు జరిగితే ఆ ప్రోగ్రాము ఒక్కటే ఆగిపోతుంది. కెర్నెల్‌లో తప్పు జరిగితే మొత్తం మిషనే కూలబడవచ్చు. ఒక్కొక్కసారి కూలబడకుండా, లోపల డేటాను పాడుచేస్తూ నడుస్తూనే ఉంటుంది. అది ఇంకా ప్రమాదం.

సోర్సు కోడును యంత్రభాషలోకి మార్చేది కంపైలర్. అది మనతో రెండు రకాలుగా మాట్లాడుతుంది. ఎర్రర్ అంటే "ఇది నాకు అర్థం కాలేదు, ముందుకు పోను" అని. వార్నింగ్ అంటే "నువ్వు చెప్పినట్టే చేస్తాను గానీ, నువ్వు అనుకున్నది ఇదేనా?" అని. ఎర్రర్ వస్తే పని ఆగుతుంది కనుక అందరమూ దిద్దుతాం. చిక్కంతా రెండోదానితోనే.

2006లో మేమిద్దరం హైదరాబాదులో ఒక కంపెనీలో ఒకే టీములో పనిచేసేవాళ్ళం. హాస్టల్లో పక్కపక్క ట్రంకు పెట్టెలవాళ్ళం, ఆఫీసులో పక్కపక్క కుర్చీలవాళ్ళమయ్యాం. వీడియో బొమ్మలను కంప్యూటరులోకి తీసుకునే ఒక కార్డుకు లినక్స్ డ్రైవర్ రాసే పని మాకిచ్చారు. బొమ్మలు పెద్దవి కాబట్టి పెద్ద బఫర్ కావాలి. కెర్నెల్‌లో అందుకు వీమాలక్ అనే ఫంక్షన్ ఉంది. ఇంత మెమరీ కావాలని అడిగితే అది ఎక్కడుందో చిరునామా తెచ్చి ఇస్తుంది. మేము దాన్ని పిలిచాం గానీ, అది ఏ హెడర్ ఫైలులో ఉందో ఆ ఫైలును పైన చేర్చడం మరచిపోయాం. కంపైలర్ రెండు వార్నింగులు ఇచ్చింది. మొదటిది "ఇంప్లిసిట్ డిక్లరేషన్ ఆఫ్ ఫంక్షన్", అంటే ఈ ఫంక్షన్ గురించి నాకెవరూ ముందుగా చెప్పలేదు అని. రెండోది "మేక్స్ పాయింటర్ ఫ్రమ్ ఇంటిజర్ వితౌట్ ఎ క్యాస్ట్", అంటే మామూలు సంఖ్యను తీసుకుని చిరునామాగా వాడుతున్నావు అని.

మేము రెండోదాన్ని మాత్రమే పట్టించుకున్నాం. ఒక క్యాస్ట్ పెట్టేశాం. (క్యాస్ట్ అనగానే మన హాస్టల్ పిల్లలకు మండలాఫీసు, సర్టిఫికెట్టు గుర్తుకొస్తాయి. ఇది అది కాదు. ఈ విలువను ఫలానా రకంగా చూడు, మారు మాట్లాడకు అని కంపైలర్‌కు చెప్పడాన్ని సి భాషలో క్యాస్ట్ అంటారు.) వార్నింగ్ పోయింది. డ్రైవర్ నడిచింది. బొమ్మలు వచ్చాయి. మొదటి వార్నింగ్ అలాగే ఉంది గానీ, పాత కోడు ఇచ్చే వందకు పైగా వార్నింగుల మధ్య అది మాకు కనపడలేదు. నిజం చెప్పాలంటే, స్క్రీను నిండా పారుతున్న ఆ గొడవ చూడలేక బిల్డు మాటలన్నీ తెర మీదకు రాకుండా మళ్ళించేశాం కూడా.

కొన్ని నెలల తర్వాత కొనుగోలుదారు 64 బిట్ల సర్వర్లు తెచ్చాడు. డ్రైవర్ లోడ్ చేయగానే మిషను కూలిపోయింది. కార్డు మార్చాం, మెమరీ చిప్పులు మార్చాం, కరెంటు సరిగా లేదనుకున్నాం. మూడు రాత్రులు ఆఫీసులోనే పడుకున్నాం. నాలుగో రోజు పక్క టీములోని సీనియర్ మేడమ్ ఒకావిడ వచ్చి, "బిల్డు లాగ్ చూపించండి" అన్నారు. మా దగ్గర లేదు. మళ్ళీ బిల్డు చేయించి, మా ఫైలు పేరుతో వచ్చిన మొదటి వార్నింగ్ దగ్గర ఆగారు. తర్వాత కోడు తెరిచి, "ఈ క్యాస్ట్ ఎందుకు పెట్టారు?" అన్నారు. "వార్నింగ్ పోవడానికి మేడమ్" అన్నాం. ఆవిడ ఏమీ అనలేదు. హెడర్ ఫైలు పేరు ఒక్క లైను చేర్చి, క్యాస్ట్ తీసేసి, కీబోర్డు మా వైపు జరిపారు. ఆ మౌనం కంటే వార్డెన్ గారి బెత్తమే నయం అనిపించింది.

అసలు ఏం జరిగిందంటే, తెలియని ఫంక్షన్‌ను పిలిస్తే పాత సి నియమం ప్రకారం కంపైలర్ అది ఇంట్ రకం విలువ తిరిగి ఇస్తుందని తనకు తానే అనుకుంటుంది. ఇంట్ 32 బిట్లు. పాత మిషన్లో చిరునామా కూడా 32 బిట్లే. కాబట్టి తప్పు ఊహ అయినా చిరునామా చెక్కుచెదరలేదు. కొత్త మిషన్లో చిరునామా 64 బిట్లు. దానిని 32 బిట్ల సంచిలో వేస్తే సగం బయట పడిపోయింది. ఇంటి నుంచి వచ్చిన ఉత్తరం మీద ఊరు, జిల్లా, పిన్‌కోడు చిరిగిపోయి ఇంటి నంబరు 3-45 మాత్రమే మిగిలితే పోస్టుమాన్ ఏం చేస్తాడు? మా కెర్నెల్ కూడా ఆ నంబరున్న వేరే చోటికి పోయి తలుపు కొట్టింది. కూలిపోయినప్పుడు తెర మీద వచ్చిన 16 అంకెల చిరునామాలో ఎడమవైపు 8 అంకెలూ సున్నాలే. మూడు రాత్రులు ఆ సున్నాలను చూస్తూనే ఉన్నాం, వాటి అర్థం తెలియలేదు.

ఇందులో గమనించవలసినది ఒకటుంది. రెండో వార్నింగ్ మొదటిదానికి పుట్టిన బిడ్డ. హెడర్ చేర్చి ఉంటే రెండూ ఒకేసారి పోయేవి. అందుకని వరుసగా వార్నింగులు వచ్చినప్పుడు ఎప్పుడూ అన్నిటికంటే పైనున్నదాన్ని ముందు చదవాలి. చివరిది కళ్ళెదురుగా కనిపిస్తుంది కదా అని అక్కడి నుంచి మొదలుపెట్టకూడదు. ఈ పాత నియమాన్ని సి భాష ప్రమాణం 1999లోనే తీసేసింది. అయినా జీసీసీ కంపైలర్ దీన్ని వార్నింగ్ స్థాయిలోనే ఉంచుతూ వచ్చి, 2024లో విడుదలైన 14వ వెర్షన్‌లో ఎర్రరుగా మార్చింది. కెర్నెల్ బిల్డులో మాత్రం దీన్ని అంతకు చాలా ముందే ఎర్రరుగా మార్చారు.

వార్నింగును చదవడం కూడా ఒక విద్యే. అందులో ఫైలు పేరు, లైను సంఖ్య, ఆ లైనులో ఎన్నో అక్షరం, తర్వాత విషయం, చివర బ్రాకెట్లలో ఆ వార్నింగ్ పేరు ఉంటాయి. ఆ పేరు పట్టుకుంటే జీసీసీ మాన్యువల్‌లో పూర్తి వివరణ దొరుకుతుంది. ఇంగ్లీషు భయంతో మేము మొదట్లో వార్నింగును చదివేవాళ్ళమే కాదు, లైను నంబరు చూసి అక్కడ ఏదో ఒకటి మార్చి చూసేవాళ్ళం. నిజానికి అందులో ఉండే ఇంగ్లీషు మాటలు చాలా తక్కువ. మళ్ళీ మళ్ళీ అవే వస్తాయి. ఒక నోటుబుక్కులో పేజీకొక వార్నింగ్ రాసుకుని, కింద తెలుగులో అర్థం రాసుకున్నాం. ఆ పుస్తకం నిండకముందే భయం పోయింది.

ఇప్పుడు కెర్నెల్‌లో మాత్రమే కనిపించే ఒక వార్నింగ్ సంగతి. దాని పేరు "సెక్షన్ మిస్‌మ్యాచ్". పెళ్ళికి పందిరి వేస్తాం, పెళ్ళి అయ్యాక విప్పేసి ఆ స్థలం మళ్ళీ వాడుకుంటాం కదా. కెర్నెల్ కూడా అంతే. మిషను ఆన్ అయినప్పుడు ఒక్కసారి మాత్రమే అవసరమయ్యే ఫంక్షన్ల మీద ఇనిట్ అనే గుర్తు వేస్తారు. అవన్నీ మెమరీలో ఒకేచోట చేరతాయి. మిషను లేచి నిలబడ్డాక కెర్నెల్ ఆ చోటంతా ఖాళీ చేసి వేరే పనికి ఇచ్చేస్తుంది. బూట్ సందేశాలలో "ఫ్రీయింగ్ అన్‌యూజ్డ్ కెర్నెల్" అంటూ మొదలయ్యే లైను మీరు చూసే ఉంటారు. పందిరి విప్పుతున్నామని చెప్పడమే అది.

మరి ఎప్పుడూ ఉండే ఒక మామూలు ఫంక్షన్, పందిరిలో ఉన్న ఇనిట్ ఫంక్షన్‌ను పిలిస్తే? బూట్ సమయంలో పిలిస్తే బాగానే పనిచేస్తుంది, పందిరి ఇంకా ఉంది కనుక. కానీ రెండు గంటల తర్వాత ఎవరో పరికరం వైరు పీకి మళ్ళీ పెట్టారనుకోండి, కెర్నెల్ అదే ఫంక్షన్‌ను మళ్ళీ పిలుస్తుంది. అక్కడ పందిరి లేదు. ఆ స్థలంలో ఇప్పుడు వేరెవరి సామానో ఉంది. ల్యాబులో వంద సార్లు రీబూట్ చేసి పరీక్షించినా ఈ తప్పు బయటపడదు. వైరు ఎవరూ పీకి పెట్టలేదు కదా!

ఈ తప్పును కంపైలర్ సాధారణంగా పట్టుకోలేదు. అది ఒక్కొక్క ఫైలును విడిగా చూస్తుంది, వేరే ఫైలులోని ఫంక్షన్ ఏ సెక్షన్‌లో చేరుతుందో దానికి తెలియదు. కంపైలింగ్ అయిపోయాక, మోడ్‌పోస్ట్ అనే చిన్న ప్రోగ్రాము తయారైన ఆబ్జెక్ట్ కోడును తెరచి, ఎవరు ఎవరిని పిలుస్తున్నారో చూసి ఈ వార్నింగ్ ఇస్తుంది. పరిష్కారం మన ఆలోచన మీద ఆధారపడి ఉంటుంది. పిలిచే ఫంక్షన్ కూడా బూట్ సమయంలోనే అవసరమైతే దానికీ ఇనిట్ గుర్తు వేయాలి. తర్వాత కూడా అవసరమైతే పిలవబడే ఫంక్షన్‌కు ఉన్న గుర్తు తీసేయాలి. మూడో దారి కూడా ఉంది. రెఫ్ అనే గుర్తు పెడితే మోడ్‌పోస్ట్ నోరు మూసుకుంటుంది. పందిరి ఉన్నప్పుడే పిలుస్తామని కచ్చితంగా తెలిసిన కొన్ని చోట్ల అది న్యాయమే. తెలియకుండా పెడితే మా క్యాస్ట్ కథే.

అందరికీ ఎక్కువగా ఎదురయ్యేది మాత్రం "మే బీ యూజ్డ్ అన్‌ఇనిషియలైజ్డ్" అనే వార్నింగ్. ఒక వేరియబుల్‌లో ఏ విలువా పెట్టకుండానే వాడుతున్నావేమో అని కంపైలర్ సందేహం. దీనికి మన కాలేజీల్లో చెప్పే మందు ఒక్కటే, ప్రకటించేటప్పుడే సున్నా పెట్టేయండి అని. మేము దీనితో ఏకీభవించము. ఒక ఉదాహరణ చూడండి. రెట్ అనే వేరియబుల్ ఉంది. ఒక లూపు కార్డులోని పోర్టులను ఒక్కొక్కటిగా తెరుస్తూ ఫలితాన్ని రెట్‌లో పెడుతుంది. చివర రెట్‌ను తిరిగి ఇస్తుంది. కార్డులో ఒక్క పోర్టు కూడా లేకపోతే? లూపు ఒక్కసారి కూడా తిరగదు, రెట్‌లో ఏదో చెత్త ఉంటుంది. కంపైలర్ అడుగుతున్నది ఆ సందర్భం గురించే. కెర్నెల్‌లో సున్నా తిరిగి ఇవ్వడం అంటే "పని విజయవంతంగా పూర్తయింది" అని. రెట్‌లో ముందే సున్నా పెడితే, పోర్టులే లేని కార్డును తెరిచి అంతా సవ్యంగా ఉందని పై వాళ్ళకు చెప్పినట్టు. అక్కడ ఇవ్వవలసింది "అలాంటి పరికరం లేదు" అనే ఎర్రర్ సంఖ్య కావచ్చు. ఏది సరైనదో కంపైలర్‌కు తెలియదు, ఆ కార్డు సంగతి తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. పైగా సున్నా పెట్టాక కంపైలర్ ఆ తర్వాత ఎప్పుడూ ఆ ప్రశ్న అడగదు.

పెద్ద పెద్దవాళ్ళకు కూడా ఈ వార్నింగుతో తంటాలు తప్పలేదు. కొన్నిసార్లు కోడు సరిగ్గానే ఉన్నా కంపైలర్ అనవసరంగా అనుమానిస్తుంది. అలాంటప్పుడు నోరు మూయించడానికి లినక్స్ కెర్నెల్‌లో ఒక మాక్రో ఉండేది. ఎక్స్ = ఎక్స్ అని, వేరియబుల్‌ను దానికే సమానం చేయడం. అది నిజమైన తప్పులను కూడా కప్పిపుచ్చుతున్నదని 2020లో కెర్నెల్ మొత్తం నుంచి తీసేశారు. అదే ఏడాది లినస్ కొత్త జీసీసీ ఇచ్చే తప్పుడు అనుమానాలతో విసిగి, ఈ వార్నింగునే మామూలు బిల్డులో కనపడకుండా చేశారు. ప్రత్యేకంగా అడిగితే వస్తుంది. అంటే కంపైలర్ చెప్పిందల్లా వేదం కాదు. అది చెప్పేది విని, విచారించి, అది పొరబడిందని తేలితే అప్పుడు పక్కన పెట్టవచ్చు.

విచారించకుండా తీసేస్తే ఏమవుతుందో కెర్నెల్ బయట జరిగిన ఒక సంగతి చెబుతుంది. 2006లో డెబియన్ అనే లినక్స్ పంపిణీలో, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ మీద వాల్‌గ్రైండ్ అనే పరీక్షా సాధనం విలువ పెట్టని మెమరీ వాడుతున్నారని హెచ్చరించింది. ఆ హెచ్చరిక పోవడానికి రెండు లైన్లు తీసేశారు. ఆ లైన్లలో ఒకటి రహస్య తాళాలు తయారుచేయడానికి అంచనాకు అందని సంఖ్యలను కలిపేది. అది పోయాక మిగిలింది ప్రాసెస్ నంబరు ఒక్కటే, దానికి ఉండగలిగిన విలువలు 32,768. అంటే ఒక్కో రకం మిషన్లో, ఒక్కో రకం తాళానికి అన్నే తాళంచెవులు. దొంగకు ఒక్క పూట పని. ఇది 2008 మేలో బయటపడేవరకు, దాదాపు రెండేళ్ళు, డెబియన్, ఉబుంటు వాడినవాళ్ళంతా ఆ తాళాలనే నమ్ముకుని ఉన్నారు. తీసేసిన మనిషి చెడ్డవాడు కాదు, సోమరి కాదు. ముందుగా ఆ సాఫ్ట్‌వేర్ వాళ్ళను అడిగాడు కూడా. ఇద్దరూ ఒకే సంగతి గురించి మాట్లాడుకుంటున్నామనుకున్నారు.

చెడ్డవాళ్ళకు కూడా వార్నింగుల సంగతి బాగా తెలుసు. 2003 నవంబరులో లినక్స్ కోడు నకలు ఉన్న ఒక సర్వర్‌లోకి ఎవరో చొరబడి, వెయిట్4 అనే ఫంక్షన్‌లో రెండు లైన్లు చేర్చారు. చూడటానికి, పిలిచినవాడి యూజర్ నంబరు సున్నానా అని పరీక్షించే లైనులాగే ఉంది. కానీ పరీక్షకు రెండు సమాన గుర్తులు (==) ఉండాలి, అక్కడ ఒక్కటే (=) ఉంది. అంటే పరీక్షించడం కాదు, పిలిచినవాడి యూజర్ నంబరును సున్నా చేయడం. లినక్స్‌లో సున్నా నంబరు రూట్‌ది, సర్వాధికారిది! సాధారణంగా ఇఫ్‌లో ఒకే సమాన గుర్తు కనిపిస్తే జీసీసీ హెచ్చరిస్తుంది. దాని చుట్టూ అదనంగా బ్రాకెట్లు ఉంటే మాత్రం, కావాలనే రాశాడనుకుని ఊరుకుంటుంది. ఆ రెండు లైన్లలో బ్రాకెట్లు సరిగ్గా అక్కడ ఉన్నాయి. దాన్ని పట్టించింది కంపైలర్ కాదు. అసలు కోడు ఉన్న బిట్‌కీపర్ రికార్డులో ఆ మార్పు జాడ లేకపోవడంతో, రెండు చోట్లా పోల్చి చూసినవాళ్ళకు దొరికింది. అసలు కోడులోకి అది చేరనే లేదు. హాజరు పట్టీని, మెస్సులో భోజనాల లెక్కను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలిసినట్టు.

2021 సెప్టెంబరులో లినస్ కెర్నెల్ బిల్డులో ప్రతి వార్నింగునూ ఎర్రరుగా మార్చేశారు. వార్నింగ్ వస్తే బిల్డు ఆగాలి అన్నారు. రకరకాల కంపైలర్లతో, రకరకాల మిషన్ల కోసం బిల్డు చేసేవాళ్ళ పనులు ఆగిపోయి గగ్గోలు పెట్టారు. కొద్ది రోజుల్లోనే దాన్ని పరీక్ష కోసం చేసే బిల్డులకు పరిమితం చేశారు. మేమైతే మా సొంత ఫైళ్ళకు మొదటి పద్ధతే పాటిస్తాం. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు కూడా అలాగే చేయడం మంచిది. వంద వార్నింగులు పేరుకున్నాక నూట ఒకటోది కనపడదు.

ఇక పని పద్ధతి. మొత్తం కెర్నెల్ బిల్డు చేస్తూ కూర్చోనక్కరలేదు, మేక్ కమాండుకు ఒక్క ఆబ్జెక్ట్ ఫైలు పేరు ఇస్తే ఆ ఒక్కటే తయారవుతుంది. వచ్చిన మాటలను ఒక ఫైలులో దాచుకోండి. మేక్‌తో పాటు డబ్ల్యూ=1 అని చేరిస్తే మామూలుగా చూపించని వార్నింగులు కూడా చూపిస్తుంది. సీ=1 అంటే స్పార్స్ అనే సాధనం కూడా కోడును చదువుతుంది. దీన్ని లినసే రాశారు. యూజర్ ప్రోగ్రాము ఇచ్చిన చిరునామాను కెర్నెల్ చిరునామాలాగా నేరుగా వాడితే పట్టుకుంటుంది. తర్వాత గిట్ బ్లేమ్‌తో ఆ లైను ఎవరు, ఎందుకు రాశారో చూడండి. మార్పు పంపేటప్పుడు వార్నింగును యథాతథంగా రాసి, అది ఎందుకు వచ్చిందో, మీ మార్పు ఎందుకు సరైనదో వివరించాలి. "వార్నింగ్ పోయింది" అని మాత్రమే రాస్తే కెర్నెల్ పెద్దలు ఒప్పుకోరు, మా అనుభవం! పంపడానికి ఈమెయిల్ ఉంటే చాలు. ఏ కాలేజీ అని ఎవరూ అడగరు. మా మొదటి మార్పు ఒక్క లైను. మూడుసార్లు తిప్పి పంపారు, నాలుగోసారి తీసుకున్నారు.

చివరగా మీకొక లెక్క. కెర్నెల్ అక్కరలేదు, జీసీసీ ఉన్న ఏ కంప్యూటరైనా చాలు. మన హాస్టల్లో 5 గదులకు 0 నుంచి 4 వరకు నంబర్లు ఇచ్చామనుకోండి. ఐ అనే అన్‌సైన్డ్ ఇంట్ వేరియబుల్‌తో ఫర్ లూపు రాసి, 4 నుంచి మొదలుపెట్టి, ఐ >= 0 ఉన్నంతవరకు ఒక్కొక్కటి తగ్గిస్తూ గది నంబర్లు ప్రింట్ చేయండి. వాల్ ఆప్షన్‌తో కంపైల్ చేస్తే ఏ వార్నింగూ రాదు. నడిపితే 4, 3, 2, 1, 0 తర్వాత 429 కోట్ల 49 లక్షల 67 వేల 295వ గది వస్తుంది, ఆపైన ఆగదు. ఎక్స్‌ట్రా ఆప్షన్ కూడా చేర్చి కంపైల్ చేస్తే కంపైలర్ ఒక మాట చెబుతుంది. అన్‌సైన్డ్ అనే పదం తీసేస్తే ఆ మాట పోతుంది, లూపు కూడా ఆగుతుంది. కానీ గదులు 5 కాకుండా 300 కోట్లు ఉంటే ఆ పరిష్కారం నిలుస్తుందా? నిలవకపోతే ఆ లూపును ఇంకెలా రాయాలి? జవాబు దొరికినవాళ్ళు పూర్వ విద్యార్థుల సమావేశం రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర మాకు చెప్పండి. సాంబారు వడ్డించేది మేమే.